భుజం కాయ కాచేదాకా

రావే అమ్మడూ, మంట దగ్గరికి రా. అల్లంత దూరాన నిలబడి ఫోనుతో ఫొటోలు తీస్తే చలి పోతుందా? ఆ పీట లాక్కుని కూర్చో. ఇంకో కొబ్బరి మట్ట వెయ్యి, చిటపటలాడనీ. భోగి మంట ఏడాదికి ఒక్కసారే. నువ్వేమో ఈ ఏడే కాలేజీలో చేరి పండక్కి ఇంటికొచ్చినదానివి. ఈ పూట అగ్రాసనం నీదే.

రాత్రి మీ మామ్మకి ఏదో కాగితం చూపించావట. వచ్చే సెమిస్టరులో ఏమేం చదవబోతున్నావో రాసుకున్న జాబితా. "పిల్ల చదువుతూ ఉంటే వినడానికే నాకు ఆయాసం వచ్చిందండీ" అంది పాపం. ఏదీ, నాకూ చదివి వినిపించు. కాలేజీ వాళ్లు పెట్టిన 20 క్రెడిట్లు. దాని మీద నువ్వు ఇష్టపడి తీసుకునే ఇంకో పేపరు, 4 క్రెడిట్లు. స్వయం అనే ఆన్‌లైన్ వేదికలో పన్నెండు వారాల కోర్సు ఒకటి, 3 క్రెడిట్లు. సాయంత్రాలు జర్మన్ భాష. శని ఆదివారాలు డాన్సు క్లబ్బు. అంతేనా, ఇంకేమైనా మర్చిపోయావా?

భయపడకు, నేనేమీ అనను. అనే ముందు ఒక సంగతి చెబుతాను. తలంటుకి నీళ్లు కాగేదాకా నీకు వేరే పనేమీ లేదు, నాకు అంతకంటే లేదు.

1965 జూన్. ఎస్సెస్సెల్సీ ప్యాసై కాకినాడలో పీయూసీలో చేరాను. ఆ పేరు నువ్వు విని ఉండవు. అప్పట్లో హైస్కూలు చదువు పదకొండో తరగతి దాకా ఉండేది. ఆ తర్వాత ఒక్క ఏడాది పీయూసీ, ఆపైన మూడేళ్లు డిగ్రీ. 1969లో మన రాష్ట్రంలో దాన్ని తీసేసి రెండేళ్ల ఇంటర్మీడియట్ తెచ్చారు. మా పీయూసీలో ఇంగ్లీషు, రెండో భాష, లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ అన్నీ పది నెలల్లో మింగాలన్నమాట. పరీక్ష మార్చిలో ఒక్కసారే. అందులో ఒకటి పోతే సెప్టెంబరు దాకా ఆగాలి. సెప్టెంబరులో గట్టెక్కినా డిగ్రీలో చేరడానికి మళ్లీ జూన్ రావాలి.

ఇప్పుడు మీ నాన్న కారెక్కించుకుని కబుర్లు అయ్యేలోపు కాకినాడలో దింపేస్తాడు. ఎదుర్లంకకీ యానానికీ మధ్య గోదారి మీద ఆ వంతెన 2002లో వచ్చింది. మా రోజుల్లో ఎదుర్లంక రేవులో పంటు కోసం కాచుకోవాలి. పంటు మీదికి మనుషులూ, బస్తాలూ, సైకిళ్లూ, అప్పుడప్పుడు ఎద్దులూ ఎక్కేవి. మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని, రేకు ట్రంకు పెట్టె మీద కూర్చుని దాటాను నేను. పక్కనున్న ముసలాయన ఆ జాడీ వంకే చూస్తూ, "కొత్తావకాయేనా అబ్బాయ్?" అని అడిగాడు. అవునంటే, "కాలేజీ అన్నమాట" అన్నాడు. ఆవకాయ జాడీని బట్టి ఎవరెక్కడికి వెళుతున్నారో చెప్పే మనుషులుండేవారు అప్పట్లో. సర్లే, పంటు మీదే ఉండిపోతే కాకినాడ ఎప్పటికి చేరతాం?

ఒక పెంకుటింట్లో గది. ముగ్గురం కుర్రాళ్లం, నెలకి పదిహేను రూపాయల అద్దె, తలకి ఐదు. మాలో మేము పేర్లతో పిలుచుకునేవాళ్లం కాదు. ఒకడు 'తుని', ఒకడు 'పిఠాపురం', నేను 'కోనసీమ'. నెల మొదట్లో మా నాన్నగారు అరవై రూపాయలు మనియార్డరు పంపేవారు. మెస్సుకి ముప్పై అయిదు కడితే నెలంతా రెండు పూటలా భోజనం. కాఫీ పదిహేను పైసలు. నయాపైసల్లోంచి 'నయా' తీసేసి అప్పటికి ఏడాది దాటింది గానీ, మా మెస్సు పంతులు మాత్రం ఇంకా బేడా, పావలా అనే లెక్క చెప్పేవాడు. ఆ ఏడే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. వారానికి ఒక పూట భోజనం మానమని ప్రధాని శాస్త్రిగారు దేశానికి చెప్పారు. సోమవారం రాత్రి మా మెస్సులో పొయ్యి వెలిగేది కాదు. పదహారేళ్ల కుర్రాళ్లం ముగ్గురం మరమరాలు నములుతూ దేశం గురించి గొప్పగా మాట్లాడుకునేవాళ్లం. ఆ ఆకలి మాకు బాధనిపించలేదు. పెద్దమనిషి అడిగాడు, మనం చేశాం అనే తృప్తి ఉండేది.

ఇంక చదువు. హైస్కూల్లో నేను లెక్కల్లో, సైన్సులో ముందుండేవాణ్ని. ద్రవ్యరాశి, త్వరణం, గతిశక్తి, ఆమ్లం, క్షారం ఇవన్నీ నాకు కంఠోపాఠం. కాలేజీలో మొదటి రోజు ఫిజిక్సు లెక్చరర్‌గారు వచ్చి ఇంగ్లీషులో గంటసేపు చెప్పారు. గంట కొట్టాక నా నోట్సులో నాలుగు మాటలున్నాయి, నాలుగూ తప్పు స్పెల్లింగులే. ఆయన చెప్పింది కొత్తదేమీ కాదని నాకు ఆగస్టులో అర్థమైంది. మాస్ అంటే మా ద్రవ్యరాశే, యాక్సిలరేషన్ అంటే మా త్వరణమే. తెలిసిన చుట్టాలే కొత్త చొక్కా తొడుక్కుని వస్తే పోల్చుకోలేకపోయాను. కాలేజీ చదువులకి తెలుగులో పుస్తకాలు రాయించాలని తెలుగు అకాడమీ పెట్టింది 1968లో. అప్పటికి మా వంతు దాటిపోయింది.

ఇది గుర్తు పెట్టుకో అమ్మడూ, నా మాటల్లో అసలైనది ఇదే. ఆ ఏడాది నాకు ఐదు సబ్జెక్టులని కాగితం మీద రాసి ఉంది. నిజానికి ఆరు. ఆరోది ఏ జాబితాలోనూ లేదు. కొత్త భాషలో వినడం, కొత్త ఊళ్లో బతకడం, బట్టలుతుక్కోవడం, డబ్బు నెలాఖరు దాకా సర్దుకోవడం, ఇంటి మీద బెంగని దిగమింగడం. అన్నిటికంటే ఎక్కువ గంటలు తినేది అదే. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. కాబట్టి ఎవరూ లెక్కలో వెయ్యరు. నేనూ వెయ్యలేదు.

వెయ్యకపోగా ఏం చేశానో విను.

మా వీధిలో ఒక గుమాస్తాగారు ఉండేవారు. మంచి మనిషి. "ఒరేయ్ అబ్బాయ్, టైపు లోయర్ ప్యాసై ఉంటే ఉద్యోగం గుమ్మంలోకి వస్తుంది. పొద్దున్నే ఒక గంటే కదా" అన్నారు. నెలకి ఐదు రూపాయలు కట్టి ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నల్లటి రెమింగ్టన్ మిషను. నిమిషానికి ముప్పై మాటలు కొడితే లోయరు, నలభై అయిదు కొడితే హయ్యరు. ఆ మిషన్లన్నీ ఒకేసారి మోగుతుంటే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుండేది.

గుమాస్తాగారి పక్కింట్లో హిందీ ప్రచారక్‌గారు. గాంధీగారు 1918లో మద్రాసులో మొదలుపెట్టిన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకి ఆయన అరుగు మీద పాఠాలు చెప్పేవారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అని మెట్లుండేవి. నేను ప్రాథమిక హైస్కూల్లోనే అయిందన్నాను. "అయితే మధ్యమకి కట్టెయ్, సాయంత్రం ఒక గంటే కదా" అన్నారు. కట్టేశాను. పరీక్ష ఫిబ్రవరిలో. కాలేజీ పరీక్ష మార్చిలో. పదహారేళ్లవాడికి ఫిబ్రవరికీ మార్చికీ మధ్య బోలెడు దూరం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంటివారికి ఇద్దరు పిల్లలు. "మా వాళ్లకి నాలుగు లెక్కలు చెప్పు బాబూ, నీ ఐదు రూపాయల అద్దె వదిలేస్తాను, గంటే కదా" అన్నారు. మా నాన్నగారికి ఐదు రూపాయలు మిగులుతాయి గదా అని పొంగిపోయి ఒప్పుకున్నాను.

ఆపైన, రెండో భాష కింద తెలుగు తీసుకుందామని వెళ్లినవాణ్ని, దరఖాస్తు కాగితం నింపే చోట ఎవరో "సంస్కృతం తీసుకోండ్రా, శబ్దాలు బట్టీ కొడితే మార్కులు రాలతాయి" అన్నారు. అన్నది ఎవరో ఇప్పటికీ తెలియదు. వరుసలో ఉన్న సగంమందిమి పెన్నుతో తెలుగు కొట్టేసి సంస్కృతం రాశాం. రామశబ్దం కూడా రానివాళ్లం! చెట్టు కిందికి పోకుండానే పళ్లు రాలతాయనుకోవడం మనుషులకి ఎప్పుడూ ఉన్నదేలే.

ఇవన్నీ నా అంతట నేను ఎత్తుకున్నవి. నేను ఎత్తుకోనిది ఒకటుంది, ఎన్‌సీసీ. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ మగపిల్లలందరికీ దాన్ని తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఎవరిష్టం వారిదన్నారు. నేను సరిగ్గా మధ్యలో పడ్డాను. వారానికి రెండు పరేడ్లు. బూట్లకి పాలిషూ, బెల్టు బిళ్లకి బ్రాసో పెట్టి మెరిపించడంతో ముందు రోజు రాత్రి సరిపోయేది. పరేడ్ అయ్యాక పెట్టే పూరీ కూర కోసం తుని అబ్బాయి అన్ని రోజులూ ఎన్‌సీసీ ఉండాలని కోరుకునేవాడు. వాడి ఆకలి వాడిది.

ఆవలిస్తున్నావా? ఇంకాస్త ఓర్చుకో. అసలు సంగతి ఇప్పుడే వస్తోంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి నూతిలో నీళ్లు తోడుకోవడం. ఆరింటికి టైపు. ఏడున్నరకి ఇంటివారి పిల్లలు. తొమ్మిదింటికి మెస్సు. అక్కణ్నించి కాలేజీకి నడక. ఐదింటికి గదికి రావడం, లేదా పరేడ్. ఏడింటికి హిందీ. ఎనిమిదిన్నరకి మళ్లీ మెస్సు. తొమ్మిదిన్నరకి లాంతరు ముందు కూర్చుంటే ప్రాక్టికల్ రికార్డు రాయడం ఉండనే ఉంది. బొమ్మలు పెన్సిలుతో గీయాలి, తప్పు పోతే మళ్లీ ఆ పేజీ మొత్తం. ఇంక చదువుకునేది ఎప్పుడు? అందరూ 'గంటే కదా' అన్నారు, ఎవరి గంట వాళ్లకి నిజమే. ఆ గంటకి ముందు నడకా, తర్వాత అలసటా ఉంటాయని అడిగిందీ లేదు, చెప్పిందీ లేదు. తా దూర కంత లేదు, మెడకో డోలు అని మనవాళ్లు ఊరికే అనలేదు. నా మెడకి నాలుగు డోళ్లు.

ఆ ఏడు సంక్రాంతికి నేనూ ఇలాగే ఇంటికొచ్చాను. అర్ధసంవత్సర పరీక్షలో కెమిస్ట్రీ పోయింది. ఇంట్లో చెప్పలేదు. "బాగా చదువుతున్నావా?" అని మా అమ్మ అడిగితే అరిసె నోట్లో పెట్టుకుని తలూపాను. నోట్లో అరిసె ఉంటే అబద్ధం ఆడక్కర్లేదు. ఒక్కటి వదిలేసినా గట్టెక్కేవాణ్నేమో. కానీ ఏది వదలాలన్నా, వదిలితే ఆ పెద్దమనిషి ఏమనుకుంటాడో అనే బెంగ. టైపు వదిలితే గుమాస్తాగారు, హిందీ వదిలితే ప్రచారక్‌గారు, పాఠాలు వదిలితే ఇంటివారు. అందరి మాటా నిలబెట్టబోయి నా మాట నేను నిలబెట్టుకోలేకపోయాను.

ఫలితాలు అప్పుడు పేపర్లో వచ్చేవి. ప్యాసైన వాళ్ల నెంబర్లు బారులు తీరి ఉండేవి. పేపరు మా ఊరికి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. రచ్చబండ దగ్గర పదిమంది ముందు నా నెంబరు వెతికాను. ముందు నెంబరు ఉంది, వెనక నెంబరు ఉంది. ఆ మధ్యలో ఖాళీ కూడా ఉండదు అమ్మడూ, రెండూ పక్కపక్కనే అచ్చేసి ఉంటాయి. మనం అసలు లేనట్టే. కెమిస్ట్రీ పోయింది, సంస్కృతమూ పోయింది. టైపు లోయరు స్పీడు చాలక పోయింది. హిందీ మధ్యమ ఒక్కటే నిలిచింది. పదిమంది చేరిన చోట పాము చావదంటారు చూడు, అలా అయింది నా చదువు.

మా నాన్నగారు తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు కొబ్బరి దింపు ఉంది. తోటలోకి రమ్మన్నారు. దింపు అయ్యాక రాశి దగ్గర కూలీలు కావిళ్లతో కాయలు మోసుకెళుతున్నారు. వాళ్లలో ఒక కుర్రాడు, నా ఈడువాడే, ఆ ఏడే కొత్తగా పనిలోకి వచ్చాడు. వాడి బుట్టల్లో తక్కువ కాయలే పెట్టిస్తున్నారు నాన్నగారు. వాడు "యాబై మోస్తానండి బాబూ" అని గొడవ. ఆయన ముప్పై దాటనివ్వరు. వాడు అటు వెళ్లాక నాతో అన్నారు: "మొయ్యలేక కాదురా. మోస్తాడు. ఇవాళ యాభై మోస్తాడు, రేపూ మోస్తాడు. ఎల్లుండికి భుజం వాచి పనిలోకి రాడు. ముప్పైతో రెండు నెలలు తిరగనీ, భుజం కాయ కాస్తుంది. అప్పుడు వాడు అడక్కపోయినా యాభై నేనే పెడతాను." ఆ తర్వాత కొబ్బరికాయల లెక్కలో పడిపోయారు. నా పరీక్ష మాట ఎత్తనే లేదు. ఆయన మాట్లాడింది దేని గురించో నాకు రాత్రి పడుకున్నాక తెలిసింది.

సెప్టెంబరుకి రెండు పేపర్లే పెట్టుకుని చదివాను, గట్టెక్కాను. ఆ చలికాలం అంతా ఖాళీయే గదా అని అమలాపురంలో టైపు ఒక్కటే నేర్చుకున్నాను. అంతకుముందు ఆరు నెలల్లో రానిది, మూడు నెలల్లో లోయరు చేతిలో పడింది. తర్వాత నాకు అన్నం పెట్టిన ఉద్యోగం ఆ టైపు వల్లే వచ్చింది. గుమాస్తాగారు చెప్పింది అబద్ధం కాదు. టైపులో తప్పు లేదు, హిందీలో తప్పు లేదు. అన్నిటినీ మొదటి ఏడాది నెత్తికెత్తుకోవడంలోనే ఉంది తప్పు.

ఇప్పుడు ఆ కాగితం ఇటివ్వు. పెన్ను ఉందా? లేకపోతే బొగ్గుముక్కతోనే వేద్దాం లెక్క, ఇక్కడ నేల మీద.

వారానికి గంటలెన్ని? 168. నువ్వు రోజుకి ఎనిమిది గంటలు పడుకుంటావనుకో, 56 పోయాయి. అంతకంటే తక్కువ పడుకుంటానంటే నేను ఒప్పుకోను. స్నానం, తిండి, బట్టలు, బస్సు, లైను కట్టి నిలబడ్డం రోజుకి నాలుగు గంటలు, 28. మిగిలింది 84. సరేనా?

ఇప్పుడు క్రెడిట్లు. మీ కొత్త పద్ధతిలో ఏడాదికి 40 క్రెడిట్లంటే 1200 గంటల పని అని లెక్క కట్టారు. క్లాసులో కూర్చున్నదీ, ల్యాబులో నిలబడ్డదీ, గదిలో చదువుకున్నదీ అన్నీ కలిపి. అంటే క్రెడిటుకి 30 గంటలు. నీ 20 క్రెడిట్లకి 600 గంటలు. సెమిస్టరు పదిహేను వారాలనుకుంటే వారానికి 40. చూశావా, పూర్తికాలం ఉద్యోగం చేసినంత పని. కాలేజీ వాళ్లు పెట్టింది తక్కువేమీ కాదు.

నీ పై పేపరు 4 క్రెడిట్లు, వారానికి 8 గంటలు. స్వయం కోర్సు 3 క్రెడిట్లంటే ఇంకో 6, అదీ పన్నెండు వారాల్లోనే అవగొట్టాలంటే ఏడున్నర. వారం వారం అసైన్‌మెంట్లు పంపాలి, చివర్లో సెంటరుకి వెళ్లి పరీక్ష రాయాలి. జర్మన్ క్లాసూ ఇంటి పనీ కలిపి 8. డాన్సు 6. మొత్తం కూడితే 70కి కాస్త ఇటుగా వస్తోంది. 84లోంచి తీస్తే పధ్నాలుగు గంటలు మిగిలాయి, రోజుకి రెండు. "పట్టింది కదా తాతయ్యా!" అని నీ కళ్లు చెబుతున్నాయి. నిజమే, కాగితం మీద పట్టింది. నాకూ పట్టింది 1965లో.

మరి జాబితాలో లేని సబ్జెక్టు సంగతేమిటి? అక్టోబరులో నీకు జ్వరం వచ్చి నాలుగు రోజులు హాస్టల్లో పడుకున్నావు. అది ఏ గంటల్లోంచి తీశావు? రాత్రి పదకొండింటికి మామ్మకి ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా ముక్కు ఎగబీల్చావే, నాకు తెలియదనుకోకు, నేను పక్కనే ఉన్నాను. అది ఎన్ని క్రెడిట్లు? రూమ్మేటుతో మాట పట్టింపు వచ్చిన వారం, కంప్యూటరు ప్రోగ్రామ్‌లో ఒక్క చుక్క తప్పుపోయి రాత్రంతా వెతికిన రోజు, వీటికి క్రెడిట్లు వెయ్యరు. కానీ గంటలు తింటాయి. నువ్వు నాలాగా తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషులోకి దూకలేదు. అయినా ఇల్లు వదిలి ఊళ్లోకి దూకావు, అదేం చిన్న దూకుడు కాదు.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్య, మా పెద్దాడి కొడుకు, ఇదే చేశాడు కిందటేడు. అక్కడ ఎవరి జాబితా వాళ్లే రాసుకోవాలి. నాలుగేళ్లలో 120 క్రెడిట్లు, అంటే సెమిస్టరుకి 15 చొప్పున తీసుకుంటే సరిపోతుంది. మన పిల్లలు స్టూడెంటు వీసా మీద ఉన్నంతకాలం 12కి తగ్గకూడదు, తగ్గాలంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ముందే ఒప్పుకోవాలి. వీడు వెళ్లీ వెళ్లగానే 18 ఎత్తుకున్నాడు. లెక్కలు, రెండు ల్యాబులు, దాని మీద కంప్యూటరు. గోరుచుట్టు మీద రోకటి పోటులా చలి. నాకు వీడియోలో చూపించాడు, కళ్ల కింద నల్లటి చారలు. "గడువు లోపల ఒకటి వదలొచ్చా?" అని అడిగాను. "వదలొచ్చు తాతయ్యా, కానీ అందరూ ఏమనుకుంటారు?" అన్నాడు. అరవై ఏళ్లైనా ఆ మాట మారలేదు చూడు! వదిలాడు. 15కి దిగాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ వదిలిన సబ్జెక్టుని ఈ ఏడు తీసుకుని బాగా చేశాడు. గడువు ఎప్పుడో ముందే తెలుసుకుని ఉండటమే అందులో తెలివి. గడువు దాటాక వదలడం అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇంకొక్క మాట. తక్కువ మొయ్యమన్నానని అసలు మొయ్యడమే మానేస్తావేమో. మా పిఠాపురం అబ్బాయి అలాంటివాడు. క్లాసులకి కూడా సగమే వెళ్లేవాడు, కొత్త సినిమా వస్తే నేల టిక్కెట్టు వాడిదే మొదటిది. ప్యాసయ్యాడు, తెలివైనవాడు కాబట్టి. కానీ డిగ్రీలో చేరాక రెండో ఏడు బరువు పెరిగేసరికి కుంగిపోయాడు. ఖాళీ కావిడితో తిరిగినా భుజం కాయ కాయదు మరి. ముప్పై కాయలు మొయ్యాలి, రోజూ మొయ్యాలి. కావిడికి రెండు పక్కలా తూకం కూడా సరిపోవాలి. ల్యాబూ రికార్డూ ఉన్న పేపర్లన్నీ ఒకేసారి పెట్టుకోకూడదు. లెక్కలతో బుర్ర వేడెక్కించేది ఒకటుంటే, పక్కన చదివి సంతోషించేది ఒకటుండాలి. ఏ పేపరు ఎంత తింటుందో కిందటేడు చదివినవాళ్లని అడుగు. ఒక్కర్ని కాదు, ముగ్గుర్ని అడుగు. మొదటి మార్కు వచ్చినవాళ్లని ఒక్కళ్లనే అడక్కు, మామూలుగా ప్యాసైనవాళ్లని కూడా అడుగు. వాళ్లే నిజమైన గంటలు చెబుతారు.

దేన్నీ మానెయ్యమనను. వరుసలో పెట్టుకోమంటాను. కాలేజీ 20 ఎలాగూ తప్పదు. దాని మీద ఒక్కటి, నీకు అన్నిటికంటే ఇష్టమైనది, ఒకే ఒక్కటి ఉంచుకో. ఏది ఉంచుకుంటావో నేను చెప్పను. అక్కడే నేను తప్పు చేశాను, నాకు ఇంకెవరో చెబితే విన్నాను. జర్మనీ ఎక్కడికీ పోదు. స్వయం కోర్సులు మళ్లీ జూలైలో వస్తాయి. ఆ పై పేపరు వచ్చే ఏడూ ఉంటుంది, అప్పటికి నీ భుజం కూడా తయారవుతుంది.

ఏమిటి, డాన్సు ఉంచుకుంటావా? పేపరు కాదు, కోర్సు కాదు, డాన్సు! మీ నాన్న వింటే... విననీలే. నవ్వుతూ చెప్పావు చూడు, ఈ కాగితం మొత్తం చదివినప్పుడు ఒక్కసారి కూడా నవ్వలేదు నువ్వు. మంచిది, అదే ఉంచుకో. వారానికి ఆరు గంటలు దానికి రాసేశాను ఇక్కడ, బొగ్గుతో. మిగిలిన ఖాళీ గడిలో ఏమీ రాయకు. అది ఆ పేరు లేని సబ్జెక్టుది.

అదిగో, మామ్మ పిలుస్తోంది. నీళ్లు కాగాయట. నూనె చల్లారకముందే వెళ్లి తలంటు పోయించుకో. వెళ్లేముందు ఆ మట్ట ఒకటి మంటలోకి తొయ్యి, సగం కాలినవి అలా వదిలేస్తే పొగ.